కొస దొరకని గీత: కెల్టిక్ కళ, దాని ప్రింట్ల అంగడి

1850లో ఐర్లండ్ తూర్పు తీరాన, బెటిస్టౌన్ అనే ఊరి దగ్గర ఒక వెండి పిన్ను దొరికింది. భుజం మీద పైవస్త్రం జారకుండా గుచ్చుకునే రకం. బంగారు పూత పూసిన వలయం వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లకు లోపే. ఆ కాస్త జాగాలోనే సన్నటి బంగారు తీగెతో అల్లిన జంతువులు, సుడులు, మెలికలు. వెనక్కి తిప్పి చూస్తే అక్కడా అంతే పనితనం. ఆ వైపు తొడుక్కున్నవాళ్ల బట్టకు ఆనుకుని ఉంటుంది, బయటివాళ్ల కంట పడదు. అయినా క్రీ.శ. 700 ప్రాంతపు ఆ కంసాలి అక్కడ చెయ్యి సడలనివ్వలేదు.

ఆ పిన్ను డబ్లిన్ నగల వ్యాపారి జార్జ్ వాటర్‌హౌస్ చేతికి చేరింది. ఆయన దానికి ‘తారా బ్రోచ్’ అని పేరు పెట్టాడు. తారా అంటే ఐర్లండ్ పురాతన రాజుల గద్దె ఉన్న కొండ. పిన్ను దొరికిన చోటికీ ఆ కొండకూ సంబంధం లేదు. పేరులో రాజసం ఉంది, అంతే. దాని నమూనాలు చేయించి అమ్మాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో అసలు పిన్నునూ పెట్టాడు. ఇప్పుడది డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. పేరు మాత్రం వాటర్‌హౌస్ పెట్టిందే.

కెల్టిక్ కళను సరుకు చేసి చవకబార్చారని బాధపడేవాళ్లు ఈ కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆధునిక లోకానికి ఈ కళ తెలిసిందే ప్రతుల ద్వారా, అంగడి ద్వారా. ఇవాళ టీ కప్పుల మీదా గోడ ప్రింట్ల మీదా కనిపించే మెలికల వెనక నూట డెబ్బై ఏళ్ల వ్యాపారం ఉంది. ఆ వ్యాపారం లేకపోతే ఈ కళ పండితుల అలమరాల్లోనే ఉండిపోయేదని నా నమ్మకం. అయితే ఆ తొలి అమ్మకంతోనే ఒక తప్పుడు కథ కూడా అంటుకుంది. ఈ రెండూ ఇప్పటికీ జంటగానే నడుస్తున్నాయి.

‘కెల్టిక్ కళ’ అని మనం గుంపగుత్తగా అనేది రెండు వేర్వేరు కాలాల పని. మొదటిది ఇనుప యుగానిది. స్విట్జర్లాండ్‌లో న్యూషాటెల్ సరస్సు ఒడ్డున లా టెన్ అనే చోట 1857లో నీరు తగ్గినప్పుడు పాత కత్తులు, పనిముట్లు బయటపడ్డాయి. క్రీ.పూ. 450 ప్రాంతంలో మొదలైన శైలికి ఆ చోటి పేరే స్థిరపడింది. ఆ శైలికి ప్రాణం వంపు. తీగెలా పాకి, ఆకులా విచ్చుకుని, ఒక్కోసారి మనిషి ముఖమేమోనని భ్రమ కలిగించి మళ్లీ తీగెలో కలిసిపోయే వంపు. అదే 1857లో థేమ్స్ నదిలో దొరికిన బాటర్‌సీ డాలును బ్రిటిష్ మ్యూజియంలో చూడవచ్చు. కంచు రేకు మీద ఎర్ర గాజు పొదిగిన ఆ వలయాల్లో ఇప్పుడు మనం కెల్టిక్ అనుకునే మెలిక అల్లిక వెతికినా కనిపించదు.

అల్లిక రెండో కాలంలో వచ్చింది. క్రీ.శ. 7 నుంచి 9వ శతాబ్దం దాకా ఐర్లండ్, స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మఠాల్లో క్రైస్తవ సన్యాసులు సువార్త గ్రంథాలు రాసి, బొమ్మలు వేశారు. బుక్ ఆఫ్ డరో, లిండిస్‌ఫార్న్ సువార్తలు, బుక్ ఆఫ్ కెల్స్ అప్పటివే. ఈ పుటల్లో సుడులు పాత కెల్టిక్ సొత్తు. పట్టీల అల్లిక మాత్రం రోమన్ మొజాయిక్ నేలల్లోనూ, జర్మానిక్ తెగల కంసాలుల పనిలోనూ అంతకు ముందే ఉంది. 1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూలో తవ్విన ఆంగ్లో-శాక్సన్ సమాధిలో దొరికిన బంగారు బకిల్ మీద పాములు ఎలా పెనవేసుకున్నాయో చూస్తే విషయం అర్థమవుతుంది. లిండిస్‌ఫార్న్ సువార్తలు రాసిన ఈడ్‌ఫ్రిత్ అనే బిషప్పు కూడా ఆంగ్లో-శాక్సనే. అందుకే చరిత్రకారులు ఈ రెండో దశను కెల్టిక్ అనకుండా ‘ద్వీప కళ’ అంటారు. అసలు గ్రీకులు కెల్టులన్నది ఐరోపా ప్రధాన భూభాగపు జనాన్ని. బ్రిటన్, ఐర్లండ్ భాషలకు ఆ పేరు తగిలించి ప్రచారం చేసింది భాషా పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో వేసిన పుస్తకం. 2015లో బ్రిటిష్ మ్యూజియం, స్కాట్లండ్ జాతీయ మ్యూజియాలు కలిసి పెట్టిన కెల్టుల ప్రదర్శన ఈ పేరు చిక్కునే ముందు పెట్టుకుంది. పేరు కొత్తదైనంత మాత్రాన కళ విలువ తగ్గదు. పలు జాతుల చేతులు కలిసిన చోట పుట్టిందని తెలిస్తే నా దృష్టిలో దాని విలువ ఇంకా పెరుగుతుంది.

ఇన్ని శతాబ్దాలు కన్ను దీన్ని వదలకపోవడానికి కారణం తెలియాలంటే బుక్ ఆఫ్ కెల్స్‌లో ఒక్క పుటను దగ్గరగా చూడాలి. క్రీ.శ. 800 ప్రాంతంలో దూడ చర్మం మీద తయారైన పుస్తకమది. ఇప్పుడు 340 ఆకులు మిగిలాయి, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉన్నాయి. 34వ ఆకు ముందువైపు కై-రో పుట. క్రీస్తు పేరులోని తొలి గ్రీకు అక్షరాలు పుటంతా పరుచుకున్నాయి. దూరం నుంచి అక్షరం కనిపిస్తుంది, దగ్గరికి పోతే అక్షరం మాయమై సుడులు మిగులుతాయి. సుడిలో సుడి, దానిలో మరో సుడి. పుట అడుగున రెండు పిల్లులు, వాటి ముందు ఎలుకలు, ఆ ఎలుకల నోట ప్రసాదపు రొట్టె బిళ్ల. పక్కనే నల్లటి నీటిపిల్లి నోట కరుచుకున్న చేప. అంత పవిత్రమైన పుటలో మఠం వంటింటి లోకాన్ని కూడా ఆ సన్యాసి రానిచ్చాడు. దూరానికి ఒకటి, దగ్గరికి మరొకటి, భూతద్దానికి ఇంకొకటి దాచిపెట్టే గుణం గోడ మీద వేలాడే ఏ బొమ్మకైనా వరం. ఏళ్ల తరబడి చూసినా అయిపోదు.

రంగులు కూడా మనకు తెలియనివి కావు. సిరాలో మాచికాయ ఉంది, మన పచారీ కొట్లో దొరికేదే. పసుపు రంగు హరిదళం. నీలం కోసం అఫ్గానిస్థాన్ నుంచి లాజవర్దం రాయి తెప్పించారని చాలాకాలం చెప్పుకున్నారు. ట్రినిటీలో లేజరుతో పరీక్షించినప్పుడు ఆ రాయి జాడ లేదు, ఆకుల నుంచి తీసిన నీలి మాత్రమే కనిపించింది.

ఇక అల్లిక సంగతి. దీని ఆకర్షణలో సగం భావుకత అయితే సగం లెక్క. ఆ లెక్క తెలుగు వాకిట్లో ఉన్నదే. మెలికల ముగ్గు వేసే చేతికి కెల్టిక్ ముడి కొత్త కాదు. చుక్కలు పెట్టుకోవడం, చుక్కను తాకకుండా గీతను చుట్టూ తిప్పడం, మొదలుపెట్టిన చోటికే రావడం రెండింట్లోనూ ఒకటే. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పావులుస్ గెర్డెస్ దక్షిణ భారత ముగ్గులనూ ఆఫ్రికా ఇసుక బొమ్మలనూ కలిపి చదివి ఇలాంటి గీతల సూత్రాలు చెప్పాడు. అందులో ఒకటి భలే సులువు: చదరంగా పెట్టిన చుక్కల చుట్టూ సాదాగా మెలిక తిప్పితే ఎన్ని విడి గీతలు వస్తాయో అడ్డం, నిలువు చుక్కల గరిష్ఠ సామాన్య భాజకం చెబుతుంది. అడ్డం 3, నిలువు 4 అయితే ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి వస్తుంది. 4, 6 అయితే రెండు. 4, 4 అయితే నాలుగు. ఇక్కడితో ఆగితే వచ్చేది మామూలు జడ. కెల్టిక్ కళాకారుడు అక్కడక్కడ అడ్డుగోడ ఊహించుకుని గీతను వెనక్కి మళ్లిస్తాడు. ఆ గోడలు ఎక్కడ పెట్టాడన్న దాన్నిబట్టి జడ విడిపోయి ముడులవుతుంది. తర్వాత గీతను పట్టీగా వెడల్పు చేసి, దాటిన ప్రతిచోటా ఒకసారి పైనుంచి, మరుసారి కిందినుంచి పోనిస్తాడు. స్కాట్లండ్, ఐర్లండ్ శిలల మీది అల్లికలన్నీ ఇలా జడను తెంచి కలపడం వల్లే పుట్టాయని, చాలావాటికి మూలం ఎనిమిది ముడులేనని పురావస్తు పరిశోధకుడు రోమిలీ అలెన్ 1904 నాటి తన పుస్తకంలో తేల్చాడు.

అలెన్ విడదీసి చూపించాడు. దాన్ని మామూలు మనిషి చేతిలో పెట్టింది జార్జ్ బెయిన్. ఈ మొత్తం కథలో నాకు అందరికంటే గౌరవం ఈయన మీదే. స్కాట్లండ్ ఉత్తర కొసన కేత్‌నెస్‌లో 1881లో పుట్టి, కర్కాల్డీ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాడు. పాత శిలలూ గ్రంథాలూ చూసి నకలు తీయడంతో ఆగలేదు. అసలు వాళ్లు ఎలా వేసి ఉంటారు, చుక్క ఎక్కడ పెట్టి ఉంటారు, గీత ఎక్కడ మొదలై ఉంటుంది అని వెనక్కి నడిచాడు. ఉద్యోగ విరమణ చేశాక లాక్‌నెస్ సరస్సు దగ్గరి డ్రమ్‌నడ్రాకిట్‌లో బడి పెట్టాడు, అది కొన్నేళ్లే నడిచింది. 1951లో గ్లాస్గోలో ‘కెల్టిక్ ఆర్ట్’ అన్న పుస్తకం వేశాడు. దశలవారీ బొమ్మలతో, ఎవరైనా పెన్సిలు పట్టి వెంటనే వేయగలిగేలా ఉంటుంది. వెంటనే పెద్దగా పేరు రాలేదు. 1970లలో పేపర్‌బ్యాక్‌గా మళ్లీ వచ్చాకే లోకమంతా పాకింది. కంసాలులు, తోలుపనివాళ్లు, కుట్టుపనివాళ్లు, పచ్చబొట్లు వేసేవాళ్లు, ఇవాళ ప్రింట్లు అమ్ముకునే కళాకారుల్లో ఎక్కువమంది, తిన్నగానో పరోక్షంగానో ఆయన శిష్యులే. బెయిన్ 1968లో పోయాడు. తన పుస్తకం ఇంత దూరం వెళ్లడం ఆయన చూడలేదు.

బెయిన్‌కు ముందే బాట పడి ఉంది. 1856లో ఓవెన్ జోన్స్ వేసిన ‘గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’లో కెల్టిక్ అలంకారానికి విడి అధ్యాయం, రంగు ప్లేట్లు ఉన్నాయి. బట్టల డిజైనర్ల నుంచి వాల్‌పేపర్ వాళ్ల దాకా ఆ పుస్తకం తిరగేశారు. 1900 ప్రాంతంలో మాన్ ద్వీపవాసి ఆర్చిబాల్డ్ నాక్స్ లండన్‌లోని లిబర్టీ దుకాణానికి వెండి, ప్యూటర్ సామాన్లు డిజైన్ చేశాడు. పాత రాతి శిలువల అల్లికను గడియారాల మీదికీ పూలకుండీల మీదికీ తెచ్చి, తన కాలపు కొత్త వస్తువుల్లా నిలబెట్టాడు. స్కాట్లండ్‌లోని ఐయోనా ద్వీపంలో అలెగ్జాండర్, యూఫీమియా రిచీ దంపతులు యాత్రికులకు వెండి, ఇత్తడి పనులు అమ్ముకుని బతికారు. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటానికి ఈ మెలికలే జెండా గుర్తుల్లా పనికొచ్చాయి. 1971లో వచ్చిన ఐరిష్ పెన్నీ మీద కూడా పాత గ్రంథాల పక్షిని గాబ్రియెల్ హేస్ మళ్లీ మలిచింది. కరువుల్లో, పేదరికంలో దేశం విడిచిన ఐరిష్‌వాళ్ల సంతతిలో అమెరికాలోనే మూడు కోట్లమందికి పైగా తమను ఐరిష్ అని చెప్పుకుంటారు. భాష పోయింది, ఊరు పోయింది, ఇంటిపేరు మిగిలింది. అలాంటి ఇంట్లో గోడ మీద ఒక కెల్స్ అక్షరం ఎందుకు వేలాడుతుందో వలస వెళ్లిన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రింట్ల విషయానికి వస్తే, ఈ కళ అచ్చుకు పుట్టినట్టే ఉంటుంది. నీడలు లేవు, దూరం దగ్గర తేడాల చిత్రణ లేదు. అంచు గీత స్పష్టం, రంగు సమానం. నల్ల సిరాతో వేసినా నిలబడుతుంది. అయితే చిక్కు సన్నదనంలో ఉంది. చవక ఆఫ్‌సెట్‌లో చుక్కలుగా విడిపోయిన గీత తెగినట్టు కనిపిస్తుంది. పీల్చుకునే కాగితం మీద సిరా పాకి, పట్టీల మధ్య సందులు పూడిపోతాయి. పైనా కిందా తేడా తెలియకపోతే ముడి ముడి కాదు, మరక. అందుకే మంచి కళాకారులు స్క్రీన్ ప్రింటింగో, 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన జిక్లేనో ఎంచుకుంటారు. జిక్లే అంటే నూలు కాగితం మీద పిగ్మెంటు సిరాతో చేసే మేలురకం ఇంక్‌జెట్ పని. ఖరీదు ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి వెలవదు.

అచ్చు ఎంత దూరం పోగలదో 1990లో తేలింది. స్విట్జర్లాండ్‌లోని లూజర్న్ ప్రచురణకర్తలు బుక్ ఆఫ్ కెల్స్‌కు పూర్తి ప్రతిరూపం తెచ్చారు. పుటను చేత్తో తాకకుండా, గాలి పీల్చి తిన్నగా నిలిపే యంత్రాన్ని దాని ఫోటోల కోసమే తయారుచేశారు. ఆకుల్లోని చిల్లులు కూడా చిల్లులుగానే దించారు. అది లైబ్రరీలూ ధనవంతులూ కొనే పుస్తకం. ఆ ఒడ్డున అది, ఈ ఒడ్డున వందల్లో అమ్ముడుపోయే పోస్టర్లు. నా మటుకు రెండూ కావలసినవే.

పోస్టరు బలం తెలిసినవాడు డబ్లిన్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్. 1968లో చే గువేరా ఎర్ర-నలుపు పోస్టరు వేసింది ఈయనే. ఎవరైనా అచ్చువేసుకోవచ్చని హక్కు పెట్టుకోకుండా వదిలేశాడు, అది భూగోళమంతా చుట్టింది. ఆ తర్వాత ఐరిష్ పురాణ గాథలు చేపట్టి, 1978లో ‘ది బుక్ ఆఫ్ కాంక్వెస్ట్స్’ తెచ్చాడు. థిన్ లిజ్జీ బ్యాండు రికార్డు అట్టల మీదా ఆయన మెలికలే. ఆయన బొమ్మల్లో అల్లిక అంచుకు మాత్రమే పరిమితం కాదు, వీరుల జుట్టులోకీ కవచంలోకీ పాకుతుంది. పాత పద్ధతి తెలిసినవాడు పాతదాన్నే దించనక్కర్లేదని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

ఒక పెద్ద అల్లిక ఫలకాన్ని చేత్తో వేసి రంగు నింపడానికి వారాలు పడుతుంది. అసలు బొమ్మ ఒకరికే అమ్మగలరు. ఆ శ్రమకు తగ్గ ధర పెడితే మామూలు మనిషి కొనలేడు, తగ్గిస్తే కళాకారుడు బతకలేడు. ప్రింటు ఈ ముడిని విప్పింది. సంతకం చేసి, ఇన్నే వేస్తానని మాట ఇచ్చి, ఒక్కోదానికి నంబరు వేసి అమ్మే పద్ధతి ఒకటి. ఆర్డరు వచ్చినప్పుడే అచ్చువేసి పంపే పద్ధతి మరొకటి. 2005లో మొదలైన ఎట్సీ వంటి ఆన్‌లైన్ అంగళ్లు రెండోదాన్ని ఇంటింటికీ తెచ్చాయి. మారుమూల ద్వీపంలో కూర్చున్న కళాకారుడు బోస్టన్‌కు అమ్ముకోగలడు. వాడి బొమ్మను రాత్రికి రాత్రి దించుకుని సగం ధరకు అమ్మేవాడూ అదే అంగట్లో ఉంటాడు.

చట్టం ఇక్కడ ఏమంటుందో తెలుసుకోవాలి. కెల్స్ పుటల మీద ఎవరికీ కాపీరైటు లేదు. వాటిని ఉన్నదున్నట్టు తీసిన ఫోటో సంగతిలో అమెరికా 1999లో బ్రిడ్జ్‌మన్ కేసు తీర్పుతో, ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంలోని 14వ అధికరణతో ఒకే దారికి వచ్చాయి: సొంత సృజన లేని ప్రతికి కొత్త హక్కు పుట్టదు. కానీ కెల్స్‌ను చూసి ఇవాళ ఒకరు కొత్తగా వేసిన ముడి ఆ ఒకరిదే. పద్ధతి అందరిదీ, బొమ్మ వేసినవాళ్లది. బెయిన్ వేసిన బొమ్మలకు బ్రిటన్‌లో 2038 చివరిదాకా రక్షణ ఉంది, మన చట్టం కాలపరిమితి అరవై ఏళ్లే కాబట్టి ఇక్కడ 2028 దాకా. ‘పాత కెల్టిక్ డిజైనే కదా’ అని బతికున్నవాళ్ల పని ఎత్తుకుపోవడం దొంగతనం. దానికి వేరే పేరు లేదు.

ఇంతకంటే విస్తారంగా నడిచే అబద్ధం అర్థాల చీటీ. ప్రింటు వెనకో, పెట్టెలోనో ఒక కాగితం ఉంటుంది: ఈ ముడి నిత్య ప్రేమకు, ఈ ముడి యోధుడి ధైర్యానికి, ఇది తల్లీబిడ్డలకు. ఒక్కో ముడికి ఒక్కో అర్థమని ఆ సన్యాసులెవరూ రాసిపెట్టలేదు. ఇవి అమ్మకం కోసం ఈ మధ్య పుట్టినవి. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధి లోపలి మూడు సుడులను కెల్టిక్ గుర్తుగా అమ్ముతారు. అది క్రీ.పూ. 3200 ప్రాంతపు కట్టడం, కెల్టులనే మాట వినిపించడానికి రెండువేల ఏళ్లకు పైగా ముందుది. ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. వలయంతో కూడిన శిలువ రూపాన్ని శ్వేతజాతి దురహంకార ముఠాలు కొన్ని తమ గుర్తుగా వాడుకుంటున్నాయి. అందులో ఆ రాతి శిలువలు చెక్కినవాళ్ల తప్పేమీ లేదు, కానీ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తెలిసి ఉండటం మంచిది. కథ కల్పించి చెప్పనక్కర్లేనంత సౌందర్యం ఈ కళలో ఉంది. ‘ఇది నేను వేశాను, కెల్స్‌లోని ఫలానా పుట చూసి నేర్చుకున్నాను’ అన్న ఒక్క మాట రాస్తే చీటీ నిండినట్టే.

ఇవన్నీ చూశాక నా తీర్పు ఇది. ప్రింట్లు అమ్మడం కెల్టిక్ కళకు చేటు చేయలేదు. పద్ధతిని వదిలి ఆకారాన్ని మాత్రం దించిన ప్రింట్లు చేటు చేస్తున్నాయి. కంప్యూటరు చేత ఒక్క క్షణంలో పుట్టించిన బొమ్మల్లో ఇది తరచూ పట్టుబడుతుంది. దూరానికి ముడిలాగే ఉంటుంది. పట్టీ వెంట వేలు పెట్టి పొండి, పైనుంచి పోయింది మళ్లీ పైనుంచే పోతుంది, ఒక కొస గాల్లో తేలిపోతుంది, రెండు పట్టీలు ఒకటై కరిగిపోతాయి. చేత్తో వేసినవాళ్ల పనిలో వేలు బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది.

ట్రినిటీ కాలేజీ బుక్ ఆఫ్ కెల్స్ ఆకులను ఇంటర్నెట్‌లో పెట్టింది, ఎవరైనా డబ్బు కట్టకుండా చూడవచ్చు. ప్రింటు కొనాలనిపిస్తే ముందు 34వ ఆకు తెరిచి, పెద్దది చేసి, పిల్లులు కనిపించేదాకా వెతకండి. తర్వాత మీకు నచ్చిన ప్రింటు మీద ఒక పట్టీ పట్టుకుని వేలితో చివరిదాకా పోయి చూడండి. గీత కలిస్తే, వేసినవాళ్ల పేరు అడిగి, వాళ్ల దగ్గరే కొనండి.